కువైట్ అమ్మమ్మ పోయాక 101 రోజులు

మా అమ్మమ్మ 2025 నవంబరు 28, శుక్రవారం తెల్లవారుజామున నాలుగూ పదికి పోయింది. ఆమె పేరు మీద ఉన్న ఆఖరి కాగితం పని 2026 మార్చి 9న పూర్తయింది. మధ్యలో 101 రోజులు. ఆ రోజుల్లో ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లున్న ఎవరికైనా ఇందులో ఒక్క ముక్క పనికొచ్చినా చాలు. ఆమె గురించి ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలన్న తపన కూడా ఉంది.

అమ్మమ్మది రాజోలు దగ్గర వశిష్ఠ గోదావరి గట్టు కింద ఊరు. ఊళ్లో చిన్నాపెద్దా అందరికీ ఆమె "కువైట్ మామ్మ". 1986 ఆగస్టు వరదలో లంకలో ఉన్న ముప్పావు ఎకరం కోతకి గోదాట్లో కలిసిపోయింది. ఇల్లు, అప్పు మిగిలాయి. మరుసటి ఏడాది, 37 ఏళ్ల వయసులో, చేతి గాజులు అమ్మి ఏజెంటుకి కట్టి, చించినాడ రేవు దాటి, నరసాపురంలో రైలెక్కింది. అప్పటికి ఆమె చూసిన పెద్ద ఊరు రాజమండ్రి. మా అమ్మకి అప్పుడు పదహారేళ్లు, మామయ్యకి పన్నెండు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసరికి ఆమె అక్కడే ఉంది. సెప్టెంబరులో ఎలాగో ఇల్లు చేరింది. 1993లో మళ్లీ అక్కడికే వెళ్లి 2001 దాకా పనిచేసింది. 96 తుఫానుకి పెరట్లో కొబ్బరిచెట్లన్నీ పడిపోతే, ఇప్పుడున్న చెట్లు ఆమె పంపిన డబ్బుతో వేసినవే.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. సాయంత్రమే వచ్చి అందరినీ స్కూలుకి రమ్మన్నారు. ఆవుని వదిలి రానంది అమ్మమ్మ. రాత్రి రెండింటికి పాక పక్కన చెట్టు కూలితే టార్చిలైటు పట్టుకుని తనే వెళ్లి, పలుపు విప్పి, "యల్లా, యల్లా" అంటూ ఆవుని వసారాలోకి తోలుకొచ్చిందట. కువైట్ నుంచి తెచ్చుకున్న అరబ్బీ మాటల్లో అదొకటి, "పద" అని. మమ్మల్ని బడికి పంపాలన్నా, కోళ్లని గూట్లో వెయ్యాలన్నా "యల్లా"నే. ఆ రాత్రి ఒళ్లంతా తడిసింది. పది రోజులకి దగ్గు ముదిరింది.

నవంబరు 10న అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. నిమ్ము చేసిందన్నారు. ఆరు రోజులకి 72,000 అయింది. ఏడో రోజు ఆమే ఇంటికి తీసుకెళ్లిపోమంది. డాక్టరు గారు కూడా మమ్మల్ని పక్కకి పిలిచి, ఇంట్లో ఉంచుకుంటే తప్పులేదన్నట్టే మాట్లాడారు. ఆక్సిజన్ మిషన్ అద్దెకి తెచ్చాం. నెలకి 6,000, అడ్వాన్సు 10,000. పన్నెండు రోజులు వాడాం. నేను హైదరాబాద్ నుంచి సెలవు పెట్టి వచ్చేశాను. ఆ పన్నెండు రోజులూ ఆమె మంచం పక్కన ఉండగలగడం నా అదృష్టం.

27 రాత్రి పదకొండింటికి గోడ గడియారం వంక చూసి, "అక్కడ తొమ్మిదిన్నరయ్యుంటది. ఆడు అన్నం తినేసుంటాడు" అంది. మామయ్య మస్కట్‌లో ఉంటాడు, అక్కడ మనకన్నా గంటన్నర తక్కువ. ఆమె నోటి నుంచి నేను విన్న ఆఖరి మాట అదే.

మామయ్యకి టికెట్ దొరికి, హైదరాబాద్ మీదుగా మధురపూడి ఎయిర్‌పోర్టులో దిగి ఊరు చేరేసరికి 30 ఉదయం తొమ్మిదైంది. అప్పటిదాకా ఫ్రీజర్ బాక్స్. రెండు రోజులకి 5,000. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను. బాక్స్ తెచ్చుకునే ముందే జనరేటర్ మాట్లాడుకోండి. మాకు తోచలేదు. 28 మధ్యాహ్నం కరెంటు పోయింది. నలభై నిమిషాలు. అద్దం మీద నీటి చుక్కలు పట్టి, లోపల అమ్మమ్మ మొహం మసగ్గా అయిపోయింది. అమ్మ తన పైటతో అద్దాన్ని తుడుస్తూనే ఉంది. ఆ నలభై నిమిషాల టెన్షన్ ఇప్పటికీ నన్ను వదల్లేదు. చివరికి పందిళ్లు వేసే అబ్బాయి తన జనరేటర్ తెచ్చి పెట్టాడు. డబ్బులివ్వబోతే, "మా అమ్మ పెళ్లికి మామ్మే చీరెట్టిందండి" అని తీసుకోలేదు.

ఫొటో దగ్గర ఇంకో ఇబ్బంది. ఫ్లెక్సీకి కావాలంటే అమ్మమ్మ ఒక్కర్తే ఉన్న ఫొటో ఇంట్లో ఎక్కడా లేదు. ఆధార్ ఫొటో పెద్దది చేస్తే ఎవరో పోల్చుకోలేకపోయాం. నా పెళ్లి ఫొటోలోంచి ఆమెను కత్తిరించారు. మొదటిసారి రంగు తెల్లగా చేసి, వెనక మబ్బులు పెట్టి పంపారు. అమ్మ ఒప్పుకోలేదు. "మా అమ్మ ఎండలో తిరిగిన మనిషి, ఆ రంగే ఉంచమను" అంది. రెండోసారి సరిగ్గా వచ్చింది, కానీ ఆమె ఎడమ భుజం మీద నా చెయ్యి అలాగే మిగిలిపోయింది. గోరింటాకు, గాజులతో. దాన్ని తీసెయ్యమని ఎవరం అడగలేదు. ఇప్పుడు గోడ మీద ఉన్నదీ ఆ ఫొటోనే.

స్నానం చేయించేటప్పుడు అమ్మ, నేను, ఇద్దరు పిన్నులు ఉన్నాం. ఎడమ మోచేతి కింద జానెడు మచ్చ ఉండేది అమ్మమ్మకి. చిన్నప్పుడు అడిగితే "నూనె పడి కాలిందే అమ్మడూ" అనేది. అమ్మ ఆ మచ్చ మీద పసుపు రెండుసార్లు రాసింది.

మా వైపు ఆడవాళ్లు శ్మశానానికి రారు. గట్టెక్కే చోట పాడె దించారు. దింపుడు కళ్లెం అంటారు కదా, చెవిలో మూడుసార్లు పిలవాలి. మామయ్య రెండుసార్లు "అమ్మా" అన్నాడు. మూడోసారి గొంతు రాలేదు. కాసేపాగి, వంగి, "అమ్మా, యల్లా" అన్నాడు. అప్పటిదాకా ఒక్క చుక్క రాల్చని అమ్మ అక్కడ బావురుమంది. మళ్లీ పాడె లేచాక ఆడవాళ్లు వెనక్కి తిరిగారు. అమ్మ తిరగలేదు, పాడె వెనకే నడిచింది. నేనూ ఆమె వెనకే వెళ్లాను. పెద్దలెవరూ ఆపలేదు. ఒకాయన మాత్రం పక్కకి తప్పుకుని, "రామ్మా, జాగర్త, బురదగా ఉంది" అన్నారు. చితి వెలిగించేదాకా ఉన్నాం. ఉన్నందుకు నాకు ఈనాటికీ మనసులో కొంత స్థిమితంగా ఉంటుంది. కట్టెలు, కాటికాపరి, డప్పులు అన్నీ కలిపి 17,000 అయింది.

డిసెంబరు 1, సోమవారం, పొద్దున్న ఇంకా ఏడు కాలేదు. గేటు దగ్గర "మామ్మా, పింఛను" అని పిలుపు. గ్రామ సచివాలయం అమ్మాయి, భుజాన బ్యాగు, చేతిలో వేలిముద్రల మిషన్. రెండు రోజులు సెలవులో ఉందట, తెలియదు. అమ్మమ్మకి నెలనెలా 4,000 వితంతు పింఛను వచ్చేది. వేలిముద్ర పడదని అమ్మమ్మ ముందే చెయ్యి కొబ్బరినూనెతో రుద్దుకుని కూర్చునేది. ఆ అమ్మాయి గుమ్మంలో దీపం చూసి, మెట్టు మీదే కూర్చుండిపోయింది. తరవాత కళ్లు తుడుచుకుని, మరణం నమోదుకి ఏమేం కావాలో వివరంగా చెప్పి వెళ్లింది. 21 రోజుల్లో పంచాయతీలో రాయించాలి. అప్పటికైతే ఫీజు ఉండదు, ఆలస్యమైతే తిప్పట. ఇంట్లో పోయినవాళ్లకి ఆసుపత్రి కాగితం ఉండదు కాబట్టి ఇంటివాళ్లే వెళ్లి చెప్పాలి.

2న అస్థికలు తీసుకుని అంతర్వేది వెళ్లాం. సంగమం దగ్గర అన్నాచెల్లెళ్ల గట్టు ఉంది కదా, అక్కడే కలపమని ఎప్పుడో చెప్పింది. "రేవులో కలిపేసి ఊరుకుంటారేమో, గోదారి ఎంతదాకా పోద్దో అంతదాకా తీసుకెళ్లండి" అని. పడవకి 1,500. ఒకవైపు నది నీరు మట్టి రంగులో, ఇంకోవైపు సముద్రం నీలంగా. పడవ బాగా ఊగింది. అమ్మ జీవితంలో సముద్రం మీదకి వెళ్లడం అదే మొదలు. పడవ అంచు గట్టిగా పట్టుకుని, "ఇంత నీళ్లు దాటెళ్లిందా మా అమ్మ" అంది. విమానంలో వెళ్లిందని తెలిసీ అంది.

8న పెద్ద కార్యం. మూడొందల యాభై మందికి భోజనాలు, బూరెలు, పులిహోర, దప్పళం. లక్షా పదివేలు. ఎవరో తెలియని ముసలావిడలు ఏడెనిమిది మంది పాలకొల్లు, మొగల్తూరు వైపు నుంచి ఆటోల్లో వచ్చారు. అందరూ ఒకప్పుడు గల్ఫ్‌లో ఇళ్లల్లో పనిచేసి వచ్చినవాళ్లే. ఒకరినొకరు "యా ఉమ్మి", అంటే "అమ్మా" అని, పలకరించుకుంటుంటే మా పిల్లలు నోరెళ్లబెట్టి చూశారు.

అసలు తిరుగుడు ఆ తర్వాత మొదలైంది. 9న పంచాయతీలో కాగితాలిచ్చాం. 17న మరణ ధృవీకరణ పత్రం వచ్చింది. ఇంటికొచ్చి చూస్తే ఇంగ్లీషులో పేరులో ఒక అక్షరం ఎక్కువ ఉంది. తప్పు మాదే. హడావుడిలో రేషన్ కార్డు చూసి రాసిచ్చాం, ఆధార్‌లో స్పెల్లింగ్ వేరు. దాన్ని సరిచేయించడానికి ఇంకో పంతొమ్మిది రోజులు పట్టింది. రాసిచ్చేటప్పుడే ఆధార్ పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసుకోండి. పది కాపీలు ఒకేసారి తీయించుకోండి, అన్నీ అయిపోతాయి.

మామయ్య 14న మస్కట్ వెళ్లాలి. 12 రాత్రి అమ్మ, ఆయన కలిసి ట్రంకుపెట్టె తెరిచారు. అది కువైట్ నుంచి వచ్చిన పెట్టె, ఆకుపచ్చ రంగు, మూతకి లోపల ఒక అరబ్బు క్యాలెండర్ కాగితం అంటించి ఉంది. లోపల నాఫ్తలిన్ వాసన. రెండు కొత్త చీరలు. తాతయ్య కళ్లజోడు. సద్దాం బొమ్మ ఉన్న ఇరాక్ నోట్లు మూడు. పాత పాస్‌పోర్టు. పాస్‌పోర్టు అట్టలో మడతపెట్టి, 1997 నాటి బ్యాంకు డిపాజిట్ రసీదు. 90,000 రూపాయలు, ఐదేళ్లకి. ఎవరికీ తెలియదు. పక్కనే ఉన్న కాగితాలు చదివాక అర్థమైంది. యుద్ధం వల్ల కువైట్ వదిలి వచ్చినవాళ్లకి ఐక్యరాజ్యసమితి తరఫున నష్టపరిహారం ఇచ్చారు, డాలర్లలో. మా వైపు చాలామందికి వచ్చింది. అమ్మమ్మకీ వచ్చింది. సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చి బ్యాంకులో వేసి, అలాగే వదిలేసింది.

డిసెంబరు 26న బ్యాంకుకి వెళ్లాం. రసీదు మీద ఉన్న బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. కౌంటర్లో అబ్బాయి రసీదు అటూ ఇటూ తిప్పి, సిస్టమ్‌లో లేదన్నాడు. పోయినట్టే అనుకుని బయటికొచ్చేశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, డబ్బు గురించి కాదు. ఆమె దాచిన వస్తువు మా చేతుల్లోకి వచ్చి పోతున్నట్టనిపించింది. రిజర్వ్ బ్యాంకు వాళ్ల ఉద్గమ్ పోర్టల్ ఉందని ఆఫీసులో స్నేహితురాలు చెప్పింది. పదేళ్లకి పైగా ఎవరూ కదపని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు దగ్గర ఒక నిధికి వెళ్తాయి. వెళ్లినా వారసుల హక్కు పోదు, బ్యాంకులో అడిగి తీసుకోవచ్చు. పోర్టల్‌లో ఆధార్‌లో ఉన్న పేరు కొడితే ఏమీ రాలేదు. పాస్‌పోర్టులో ఉన్న పేరు, నంబరు కొడితే వచ్చింది.

చిక్కంతా అక్కడే. 1987లో ఏజెంటు తీయించిన పాస్‌పోర్టులో అమ్మమ్మకి పుట్టింటి ఇంటిపేరు. పుట్టిన సంవత్సరం 1955. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, 1952. ఆమె నిజంగా పుట్టింది 1950లో. నామినీగా రాసింది తాతయ్యని, ఆయన 2009లోనే పోయారు. బ్యాంకు వాళ్లు అడిగినవి: మరణ పత్రాలు రెండు, తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధృవీకరణ, మామయ్య సమ్మతి పత్రం మస్కట్‌లోని మన ఎంబసీలో అటెస్ట్ చేయించి, రెండు పేర్లూ ఒకే మనిషివని స్టాంపు పేపరు మీద అఫిడవిట్, ఆమెను రెండు పేర్లతోనూ ఎరిగిన ఇద్దరు సాక్షులు.

కుటుంబ సభ్యుల పత్రానికి సచివాలయంలో డిసెంబరు 22నే పెట్టి ఉన్నాం. జనవరి 6న వీఆర్వో గారు విచారణకి వచ్చారు, 21న చేతికొచ్చింది. మామయ్య కాగితం కొరియర్లో రావడానికి పదహారు రోజులు. ఆయన ఇక్కడున్నప్పుడే పెట్టె ఇంకో వారం ముందు తెరిచుంటే ఇదంతా తప్పేది. విదేశాల్లో ఉన్నవాళ్లు తిరిగి వెళ్లేలోపే పెట్టెలు, బీరువాలు అన్నీ చూసుకోండి. కార్యం అయ్యేదాకా ముట్టుకోకూడదని మేం ఆగాం.

సాక్షులు దొరకడం కష్టమైంది. ఆధార్ పేరుతో ఊరంతా ఎరుగుదురు. పాస్‌పోర్టు పేరుతో ఎరిగినవాళ్లెవరు? అమ్మకి పెద్ద కార్యానికి వచ్చిన ఆడవాళ్లు గుర్తొచ్చారు. పాలకొల్లు అవతలి నుంచి ఒకావిడ వస్తానన్నారు. జనవరి 30న చించినాడ వంతెన మీదుగా ఆటోలో వచ్చారు. అరవై దాటి ఉంటాయి, మోకాళ్ల నొప్పులు. నోటరీ గారు వచ్చేదాకా రెండు గంటలు బల్ల మీద కూర్చున్నాం. నేను మాట వరసకి, "పెద్దమ్మా, అమ్మమ్మ మీకు ఎలా పరిచయం?" అన్నాను.

"నన్ను తాళం పగలగొట్టి తీసింది మీ అమ్మమ్మేనమ్మా" అన్నారు.

వేసవికి ఆవిడ పనిచేసే ఇంటివాళ్లు వేరే దేశం వెళ్తూ, ఈమెను లోపల పెట్టి బయట తాళం వేసుకుని వెళ్లారట. ఆమె పాస్‌పోర్టు కూడా వాళ్ల బీరువాలోనే. యుద్ధం వచ్చింది, వాళ్లు తిరిగి రాలేదు. కరెంటు లేదు. మూడో రోజుకి తాగేనీళ్లు అయిపోవచ్చాయి. అమ్మమ్మ రెండిళ్ల అవతల ఉండేది. చెత్త పారేసేటప్పుడు గోడ మీదుగా పలకరించుకునేవారు. ఇంటివాళ్లంతా కార్లెక్కి పోతుంటే అమ్మమ్మకి ఈ పిల్ల గుర్తొచ్చింది. గేటు తాళం రాయితో కొట్టి ఊడగొట్టింది. లోపలి తలుపు రాలేదు. వంటింటి కిటికీ అద్దం పగలగొట్టి, ఆ కన్నంలోంచి చెయ్యి పెట్టి గడియ తీసింది. "ఇక్కడి నుంచి ఇక్కడిదాకా చీరుకుపోయింది" అని ఆవిడ తన ఎడమచేతి మీద వేలితో గీసి చూపించారు. "నా ఓణీ చింపి కట్టాను. కుట్లెయ్యడానికి ఎవరున్నారమ్మా?"

అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను.

తరవాత మన ఎంబసీలో, పాస్‌పోర్టు లేని ఈవిడకి కాగితం రాయించింది కూడా అమ్మమ్మేనట. బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు. ఎడారిలో గుడారాల్లో పదకొండు రోజులు. అక్కడి నుంచి అమ్మాన్, అమ్మాన్ నుంచి బొంబాయి విమానం. ఆ రెండు నెలల్లో ఎయిర్ ఇండియా 488 విమానాల్లో లక్షా డెబ్బై వేల మందిని తెచ్చిందని నేను చదివాను. వాళ్లలో వీళ్లిద్దరూ పక్కపక్క సీట్లలో కూర్చుని వచ్చారని మాకు ఆ బల్ల మీదే తెలిసింది. అమ్మమ్మ మాకు చెప్పిన కువైట్ కథల్లో ఒంటెలుండేవి, ఖుబ్బూస్ రొట్టెలుండేవి, యజమాని పిల్లల అల్లరి ఉండేది. ఇది ఎప్పుడూ లేదు.

డబ్బు ఎందుకు తీసుకోలేదో కూడా ఆవిడే చెప్పారు. పరిహారం వచ్చినప్పుడు ఇద్దరూ కలిసే బ్యాంకుకి వెళ్లారట. ఆవిడ ఆ డబ్బుతో ఇంటికి శ్లాబు వేసుకున్నారు. నువ్వేం చేస్తావంటే, "బయపడ్డందుకిచ్చిన డబ్బులే ఇయ్యి. నేనెప్పుడు బయపడ్డానే? ఉండనీ" అందట.

నోటరీకి 600 అయింది. ఆవిడ ఆటో ఖర్చు ఇవ్వబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేశారు.

ఫిబ్రవరి 3న క్లెయిమ్ పెట్టాం. కాగితాలన్నీ ఇచ్చాక 15 రోజుల్లో పరిష్కరించాలని నియమం ఉందట. మాకు 34 రోజులు పట్టింది. రెండుసార్లు వెళ్లి అడిగాం. రెండోసారి మేనేజరు గారే కూర్చోబెట్టి, పాత బ్రాంచి రికార్డు దొరకడానికి ఆలస్యమైందని చెప్పారు. కాగితాలు ఇచ్చినప్పుడే తేదీ వేసిన రసీదు తీసుకోవడం మంచిదైంది. మార్చి 9 మధ్యాహ్నం అమ్మ ఫోనుకి మెసేజ్ వచ్చింది. వడ్డీతో కలిపి 2,71,000 చిల్లర.

మామయ్య తన వాటా వద్దన్నాడు. అమ్మ రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు నేను హైదరాబాద్ బయల్దేరుతుంటే, బ్యాగులో ఆవకాయ సీసా సర్దుతూ, "పాస్‌పోర్టుకి ఏమేం కావాలే?" అని అడిగింది. తిరుపతి దాటి వెళ్లని మనిషి. మస్కట్‌లో తమ్ముడిని ఒకసారి చూసి రావాలట.

రైలు టైమైపోతున్నా కూర్చుని ఫోన్లో ఫారం తెరిచాను. అమ్మ లోపలికి వెళ్లి తన ఆధార్ కార్డు తెచ్చింది. కళ్లజోడు పెట్టుకుని, కార్డు మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం చదువుతూ ఉంటే నేను కొడుతూ వెళ్లాను. ఇంటిపేరు దగ్గర ఆగింది. "మళ్లీ చదువు" అంది. చదివాను. "ఇంకోసారి" అంది.